ఎదురు ప్రదక్షిణ గోపుర మాహాత్మ్యం

చైనా దేశంలో యున్‌లాన్ సరస్సు ఒడ్డున, ఒక చిన్న గుట్ట మీద, ఎనిమిది మూలల గోపురం ఉన్నది. అడుగున రాతి పీఠం, దానిపైన అంతస్తు మీద అంతస్తుగా పైకి వంగిన చూరులు, చూరు మూలమూలనా ఒక చిరుగంట. పీఠం చుట్టూ రాతి కటకటాలతో వెడల్పైన బాట. పీఠం ఎంత పెద్దదంటే, ఈ వైపున నిలబడినవారికి ఆ వైపున ఏనుగు నిలబడినా కనిపించదు. చైనావారు దీనిని సరస్సు పేరుతోనే పిలుచుకుంటారు. మన తెలుగువారు మాత్రం ఎదురు ప్రదక్షిణ గోపురం అంటారు.

ఇది గుడి కాదు. లోపల విగ్రహం లేదు. ఒక మెట్లదారి, పై అంతస్తులో సరస్సును చూసే దుర్భిణి, కింద జ్ఞాపికల దుకాణం ఉన్నాయి. ఈ మాట మేము ప్రతి బస్సులోనూ మైకులో స్పష్టంగా చెబుతాము. మైకు కింద పెట్టగానే ఎవరో ఒకరు లేచి, “చెప్పులు ఎక్కడ విడవాలండీ?” అని అడుగుతారు.

ఇక్కడి ఆచారం ఇది. ఉదయం గేటు తీయగానే ఆలుమగలు తూర్పు మెట్ల దగ్గర విడిపోతారు. ఒకరు గోపురాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని శాస్త్రోక్తంగా నడుస్తారు. రెండోవారు ఎదురు నడుస్తారు. గోపురం వెనక, సరస్సు కనిపించే చోట, ఇద్దరూ ఎదురుపడతారు. ఎదురు వచ్చినవారు అక్కడే వెనుదిరిగి, రెండోవారి పక్కన చేరి, మిగిలిన దారి కలిసి నడిచి వస్తారు. భార్యాభర్తలే కానక్కరలేదు. అక్కచెల్లెళ్ళు, వియ్యపురాళ్ళు, మాటలు మానుకున్న అన్నదమ్ములు కూడా నడుస్తున్నారు. కాపలావారు వీరి కోసం బాట అంచున తాడు కట్టి ప్రత్యేకంగా దారి వదులుతున్నారు. దుకాణంవారు ‘ప్రాచీన భారతీయ సంప్రదాయం’ అని చైనా భాషలో బోర్డు రాయించి, జంట శాలువాలు అమ్ముతున్నారు. ఇది ఏ వేదంలో ఉందని చైనా పెద్దమనిషి ఒకాయన మమ్మల్ని అడిగాడు. ఏం చెప్పమంటారు?

ప్రదక్షిణం ఎదురు చేయడమేమిటి, ఎవరు చెప్పారు, ఎప్పటి నుంచి అని ప్రతి యాత్రలోనూ, ప్రతి సీటులోంచీ అడుగుతున్నారు. ముందు సీటువారికి చెప్పి వెనక సీటుకు వెళ్ళేసరికి ముందు సీటువారు మరిచిపోయి మళ్ళీ అడుగుతున్నారు. చెప్పి చెప్పి మా గొంతు పోయింది. అందుచేత ఈ చిన్న పుస్తకం అచ్చు వేయించాము. శ్రద్ధగా చదవండి. చదివిన తరువాత దయచేసి మమ్మల్ని అడగకండి.

పూర్వం ఇక్కడ ఈ ఆచారం లేదు. పూర్వం అంటే త్రేతాయుగం కాదు, కరోనాకు ముందటి ఒక దసరా. అన్ని స్థల పురాణాలలో గొల్లవాడు తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ పోయి, పుట్టలో స్వామిని కనుగొంటాడు. ఈ పురాణంలో గొల్లవాడు యాత్రా నిర్వాహకులమైన మేమే. మహర్షి తపస్సుకు బదులు టికెట్ల వరస ఉన్నది. కలలో స్వామి కనిపించి ఆజ్ఞాపించడం మాత్రం జరగలేదు, ఎందుకంటే ఆ యాత్రలో మమ్మల్ని ఎవరూ నిద్రపోనివ్వలేదు.

మనకు దసరా సెలవులు వచ్చే రోజులలోనే ఆ ఏడు చైనాలో జాతీయ సెలవులు కూడా వచ్చాయి. ఆ వారం చైనా అంతా ఇంటికి తాళం వేసి చైనా చూడటానికి బయలుదేరుతుంది. ఈ సంగతి మేము బయలుదేరేముందే చెప్పాము. “పుష్కరాలు చూసినవాళ్ళమండీ, మాకు జనం ఒక లెక్కా?” అన్నారు మండపేటవారు. ఆ యాత్రలో ఎక్కువమంది మండపేట, రామచంద్రపురం వైపు వారే. మంచివారు. కాని ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తారు.

వారిలో గంగాధరం మాస్టారు, ఆయన భార్య వరాలమ్మగారు ఉన్నారు. మాస్టారు హైస్కూలులో సోషలు చెప్పి రిటైరైనవారు. పొడుగ్గా, నిటారుగా ఉండి, చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాలులో తిరిగినట్టు ఒకే తీరున నడిచేవారు. మాట తక్కువ. ఆ తక్కువైన మాట కూడా ఆయన నోటి దాకా రానివ్వకుండా వరాలమ్మగారే చెప్పేసేవారు. మాస్టారూ గది తాళం తీసుకున్నారా అంటే, తీసుకున్నారు అనేది ఆవిడ. మాస్టారూ నిన్న చూసిన కోట ఎలా ఉంది అంటే, బాగుందన్నారు అనేది ఆవిడ. ఆయనకు నోరు ఉన్నదా లేదా అని మాకు అనుమానం వచ్చింది. ఇంతటి పెత్తనం మేము ఏ ఇంట్లోనూ చూడలేదని మనసులో అనుకున్నాము.

దానికి తోడు వరాలమ్మగారికి ప్రదక్షిణాల పిచ్చి. రాజప్రాసాదంలో కంచు సింహం చుట్టూ తిరిగింది. నగరం నడిబొడ్డున గంట ఉన్న మండపం చుట్టూ తిరిగింది. టీవీ టవరు చుట్టూ తిరిగింది. పార్కులో ఫౌంటెను చుట్టూ తిరిగి చీర తడుపుకుంది. మహాకుడ్యం దగ్గర మాత్రం, గోడకు ప్రదక్షిణం ఎలా చేయాలో తెలియక కాసేపు ఆలోచించి, చివరకు ఒక బురుజు చుట్టూ తిరిగి దండం పెట్టుకుంది. హోటలు గుమ్మంలో గుండ్రంగా తిరిగే గాజు తలుపు ఉంటే, అది ఎడమకు తిరుగుతున్నదని, దానిలో కాలు పెట్టక సామాను వచ్చే పక్క తలుపు గుండా లోపలికి వచ్చేది. ఆవిడ చుట్లు పూర్తయ్యేదాకా బస్సు ఆగాలి. డ్రైవరు హారను కొట్టాలి. మనవాళ్ళు లీలమ్మ అని పిలిచే మా చైనా గైడు లిన్ పసుపు జెండా పట్టుకుని ఎండలో నిలబడాలి. “ఆవిడ ఏం వెతుకుతోంది?” అని లిన్ ఒకసారి మమ్మల్ని అడిగింది. ఏమో, మాకేం తెలుసు అన్నాము.

అలా యున్‌లాన్ గోపురానికి వచ్చాము. సాయంత్రం అందరమూ వేగపు రైలు ఎక్కాలి. మర్నాడు తెల్లవారితే విమానం. మాది గ్రూపు వీసా. కలిసి వచ్చినవారు కలిసే దేశం దాటాలి. ఒక్కరు తక్కువైతే బస్సెడు మందీ నిలిచిపోతారు. ఈ సంగతీ మైకులో చెప్పాము. ఒకాయన కునుకు తీస్తున్నాడు, మిగిలినవారు జంతికలు పంచుకుంటున్నారు.

ఆ రోజు గోపురం చుట్టూ జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. తొక్కిసలాట జరగకుండా కాపలావారు బాట మీద బాణం గుర్తులు వేసి అందరినీ ఒకే వైపు నడిపిస్తున్నారు. అదృష్టమో దురదృష్టమో, ఆ బాణాలు మన ప్రదక్షిణం దిక్కుకే ఉన్నాయి. వరాలమ్మగారి ఆనందానికి హద్దు లేదు. ఒక చుట్టు తిరిగి, తూర్పు మెట్ల దగ్గరకు వచ్చి, మరుగుదొడ్డికి వెళుతూ తన ఆకుపచ్చ శాలువా మాస్టారి చేతికి ఇచ్చింది. “ఇది పట్టుకుని ఇక్కడే నిలబడండి. కదలకండేం!” అన్నది. ఆడవారి వరస గుట్ట దిగి రోడ్డు దాకా ఉన్నది.

మాస్టారు నిలబడ్డారు. కాపలావాడు వచ్చి, నడవండి నడవండి అని చెయ్యి ఊపాడు. మాస్టారు నడిచారు. ఎవరిని తప్పు పట్టగలము?

వరాలమ్మగారు తిరిగి వచ్చి చూస్తే ఆయన లేరు. చుట్టూ తిరిగి వస్తారేమోనని నిలబడబోతే కాపలావాడు ఆవిడనూ కదిలించాడు. ఆవిడ ఆయనను వెతుకుతూ బాట పట్టింది, బాణం చూపించిన వైపే. ఆవిడ పిలుపు విని మేము పరుగెత్తుకు వచ్చాము. ఆవిడ మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు కదా, “ఏవండీ! ఏవండీ!” అని కేకలు. ఆ కేకకు మన బస్సులోని మగవారంతా తిరిగి చూశారు, ఒక్క మాస్టారు తప్ప.

మేమూ లిన్ కలిసి వెతకని చోటు లేదు. గేట్ల దగ్గర చూశాము. సరస్సు ఒడ్డున, పడవల రేవులో చూశాము. నూడుల్స్ అంగళ్ళలో బల్లబల్లకూ తొంగి చూశాము. ఫోను చేద్దామంటే మన దేశంలో పనికివచ్చే చాటింగు యాప్‌లేవీ అక్కడ పనిచేయవు. పోలీసు గదికి వెళ్ళి కెమెరాలలో వెతకమన్నాము. గుర్తు ఏమిటి అని వారు అడిగారు. మా యాత్రికులందరికీ ఇచ్చిన నారింజరంగు టోపీ అన్నాము. వారు తెర మా వైపు తిప్పారు. గుట్ట మీద సగంమంది నెత్తిన నారింజరంగు టోపీలే. చైనా యాత్రా సంఘాలన్నిటికీ అదే రంగు నచ్చిందట. ఆ రంగును ఎంచుకున్న మా ఆఫీసువారికి మనసులోనే దండం పెట్టాము.

బాట మీద మేమూ తిరిగాము. జనం మమ్మల్ని ముందుకు తోసుకుపోయారే కాని ఎవరినీ దాటి పోనివ్వలేదు. ఎదురు వెళదామని తిరిగితే కాపలాదారు ఈల వేసి, మా రెక్క పట్టుకుని మళ్ళీ వరసలో పెట్టాడు. గేటు దగ్గర కూర్చున్న మనవారు సలహాలు మొదలుపెట్టారు. “నిర్వాహకుడంటే లెక్క చూసుకోవద్దటండీ?” అన్నాడు తాతబ్బాయి అనే ధాన్యం వ్యాపారి, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ. రైలు తప్పితే ఎవరిది పూచీ అని ఇంకొకరు. వారిని మేము అనవలసినది చాలా ఉన్నది.

వరాలమ్మగారు మాత్రం తిరుగుతూనే ఉన్నది. ఆగమంటే ఆగదు. ఆవిడ ముఖంలో రంగు లేదు. భర్త కాసేపు కనిపించకపోతే ఇంత బెంగ ఏమిటని, ఆయనేమైనా పసిపిల్లవాడా అని మాకు విసుగు వచ్చింది.

గుట్ట పక్కన ఎత్తు మీద టీ అంగడి ఉన్నది. మోకాళ్ళ నొప్పులని గోపురం దాకా రాకుండా అక్కడే కూర్చున్నది రామచంద్రపురం శేషారత్నంగారు. రొప్పుతూ ఆమె దగ్గరకు వెళ్ళి, మాస్టారు ఏమైనా కనిపించారా అని అడిగాము.

“కనపడకపోవడమేంటి బాబూ! ఇందాకట్నుంచీ చూత్తానే ఉన్నాను కదా,” అన్నది ఆమె. “అదిగో, శాలువా భుజానేసుకుని మాస్టారు అటేపు. అదిగో వరాలు ఇటేపు. ఒక్క చుట్టన్నా ఆగితేనా! ఏం నిష్ఠండి ఆళ్ళది! మా ఆయనా ఉన్నాడు, దేనికీ పనికిరాడు.”

మేము కిందికి చూశాము. నిజమే. జనం మధ్యలో, గోపురానికి ఆ పక్కన ఆకుపచ్చ శాలువా ఒకటి మెల్లగా తిరుగుతున్నది. ఈ పక్కన వరాలమ్మగారు తిరుగుతున్నది. ఇద్దరిదీ జనం నడిపే నడకే. ఒకరు మూల తిరిగేసరికి రెండోవారు అవతలి మూల తిరుగుతున్నారు. ఆవిడ కోసం ఆయన వెతుకుతున్నారు, ఆయన కోసం ఆవిడ వెతుకుతున్నది, ఇద్దరూ ఒకే దిక్కుకు. అలా వారిని వదిలేస్తే మరుసటి దసరా దాకా కలుసుకోరు.

“మరి ఒక్క కేక వేయకూడదటండీ?” అని అరిచాము మేము. ఓర్పుకు కూడా ఒక హద్దు ఉంటుంది.

“మొక్కులో ఉన్నోళ్ళని మధ్యలో పలకరిత్తారేటి బాబూ, తప్పు కదూ!” అని శేషారత్నంగారు టీ గుక్క వేసింది.

మేము గుట్ట ఎలా దిగామో తెలియదు. జనంలో దూరి వరాలమ్మగారిని పట్టుకున్నాము. “పిన్నిగారూ, మాస్టారు అవతలి పక్కనే ఉన్నారు. మీరు వెనక్కి తిరిగి ఎదురు నడవండి, మూల తిరిగేసరికి దొరుకుతారు. నన్ను వెళ్ళనివ్వడం లేదు. మీరు పెద్దవారు, మిమ్మల్ని ఏమీ అనరు. త్వరగా నడవండి,” అన్నాము.

ఆవిడ కళ్ళు ఒక్క క్షణం వెలిగాయి. వెంటనే ఆరిపోయాయి. కటకటాలు పట్టుకుని నిలబడిపోయింది.

“ఎదురా? ప్రదక్షిణం ఎదురు తిరగమంటావా బాబూ?”

“ఇది గుడి కాదండీ! బస్సులో మైకులో చెప్పాను కదండీ!”

“నువ్వు చెప్పావులే. మొక్కుకున్నది నేను.”

రైలు వేళ దగ్గరపడుతున్నది. మా తల పగిలిపోతున్నది. ఏం మొక్కండీ, ఎక్కడ ఏ రాయి కనిపించినా తిరుగుతారు, కొంచెం మనిషి గురించి కూడా ఆలోచించండి అని గట్టిగానే అన్నాము. అప్పుడు ఆవిడ చెప్పింది.

“ఆ మనిషి గురించే కదా బాబూ. ఆయనకి మతి నిలబడట్లేదు. పొద్దున్న తిన్నది మధ్యాన్నానికి ఉండదు. ఒక్కోరోజు నన్నే ‘ఎవరండీ మీరు, ఎవరింటికొచ్చారు’ అంటారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే నువ్వు తీసుకొచ్చేవాడివా?”

తీసుకువచ్చేవారము కాము. అది నిజం.

“ఈ దేశం మ్యాపు పిల్లలకి గీసి గీసి చూపించారు, ఉద్యోగమంతా. ఉన్న మతి పోకముందే ఒకసారి చూపిద్దామని తెచ్చాను. నలుగుర్లో నవ్వులపాలు కాకూడదని మాటలన్నీ నేనే చెప్పుకొచ్చాను. ఎక్కడ ఏది గుండ్రంగా కనపడితే దానికల్లా తిరిగాను. ఏ దేవుడైతేనేం, ఎవరో ఒకరు వింటారు, ఆయనకి ఉన్నదన్నా నిలబెడతారని. ఇప్పుడు ఎనక్కి తిరిగితే అవన్నీ ఏమైపోతాయి? చుట్టిన దారం ఎనక్కి తిప్పితే ఊడిపోదూ? ఆయన కోసం తిరిగినవన్నీ నా కాళ్ళతో నేనే ఊడదీసుకోనా?”

అంతసేపూ పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దానిని పారవేయనూ లేకపోయాము, ఎందుకంటే ఆవిడ చెప్పినదంతా విన్న తరువాత కూడా మాస్టారు అవతలి పక్కనే తిరుగుతున్నారు, ఈవిడ ఇవతలి పక్కనే నిలబడి ఉన్నది. శాస్త్రం ఏమంటుందో మాకు తెలియదు పిన్నిగారూ అన్నాము. ఆయన ఏదో ఒక చుట్టులో ఈ బాట వదిలి గేటు దాటితే మటుకు ఈ ఊళ్ళో ఆయనను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు, అది మాకు తెలుసు అన్నాము.

వరాలమ్మగారు చెప్పులు విప్పి చేత పట్టుకుంది. గోపురం వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. “స్వామీ, చుట్లు పోతే మళ్ళీ తిరుగుతాను. మనిషి పోతే ఎక్కడ తెచ్చుకోను? పాపం నా పేరనే రాయి,” అని పైకే అన్నది. అని వెనక్కి తిరిగింది.

ఎదురుగా అంత జనం. ఆవిడ తల వంచుకుని, కుడిచేత్తో కటకటాలు తడుముకుంటూ, ఒక్కొక్క అడుగే వేసింది. వేసే ప్రతి అడుగుకూ లోపల ఏదో తెగుతున్నట్టు పెదవులు బిగించింది. కాపలాదారు ఈల వేస్తూ పరుగున వచ్చాడు. ఏడుస్తున్న ముసలావిడ చెయ్యి పట్టి లాగడానికి అతనికి చేతులు రాలేదు. ఈల నోట్లోనే పెట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. అతను తప్పుకోవడం చూసి జనమూ తప్పుకున్నారు. మేము ఆవిడ వెనకే నడిచాము.

గోపురం వెనక, సరస్సు కనిపించే చోట, మాస్టారు ఎదురు వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని, భుజాన శాలువాతో, తాపీగా వస్తున్నారు. వరాలమ్మగారు ఆయన ముందు ఆగింది. “ఏవండీ” అన్నది. ఆ మాట మాకే సరిగా వినబడలేదు.

మాస్టారు ఆవిడను చూశారు. పెద్దమనిషి తరహాగా కొంచెం ముందుకు వంగారు.

“అమ్మా, మీరు ఎదురు వస్తున్నారండీ. తప్పు కదండీ. ఇలా తిరగాలి,” అన్నారు. ఆవిడ కన్నీళ్ళు చూసి కంగారుపడ్డారు. “అయ్యో, ఏడవకండమ్మా. తెలియక చేసినదానికి దోషం లేదు. నా వెంట రండి.” భుజం మీది శాలువా తీసి ఆవిడ చేతికి ఇచ్చారు. “చలిగా ఉంది, కప్పుకోండి. మా ఆవిడది. ఏమీ అనుకోదు లెండి. ఆవిడ కోసమే వెతుకుతున్నాను.”

వరాలమ్మగారు నేనే అని చెప్పలేదు. తన శాలువా తానే కప్పుకుని, వెనక్కి తిరిగి, ఆయన పక్కన నడిచింది. కొంత దూరం పోయాక, “మీ ఆవిడ ఎలా ఉంటుందండీ?” అని అడిగింది, పరాయి మనిషి అడిగినట్టే.

మాస్టారు ఆలోచించారు. “నాకు మాటందకపోతే అందిస్తుందండీ,” అన్నారు.

ఇద్దరూ మెల్లగా నడిచారు. ఒక మూల తిరిగారు, ఇంకో మూల తిరిగారు. తూర్పు మెట్లు కనిపిస్తుండగా మాస్టారు ఆగి, మోకాలు రాసుకుని, “వరాలూ, కాళ్ళు లాగేస్తున్నాయే. ఎక్కడన్నా కూర్చుందామా?” అన్నారు.

కూర్చోబెట్టే వ్యవధి లేదు. అయినా రైలు తప్పింది. తరువాతి రైలుకు అర్ధరాజ్యం అడిగినట్టు బతిమాలి లిన్ టికెట్లు తెచ్చింది. ఆ రాత్రి చూడవలసిన దీపాల వీధి చూడలేదని తాతబ్బాయి ఇంటికి చేరేదాకా మమ్మల్ని సాధించాడు. ఆ తరువాత కూడా సాధిస్తూనే ఉన్నాడు. విమానం మటుకు అందరమూ కలిసే ఎక్కాము.

కథ ఇక్కడితో అయిపోవలసినది. కాని శేషారత్నంగారికి నోరు ఊరుకోదు కదా. తాను టీ అంగడి నుంచి కళ్ళారా చూసిన ఘట్టాన్ని ఆమె రామచంద్రపురంలో ఇంటింటికీ చెప్పింది. చెప్పిన కొద్దీ అది పెరిగింది. గంటలన్నీ వాటంతటవే మోగాయన్నది. మరుసటి యాత్రలో ఒక జంట ఎదురు నడుస్తామని పట్టుబట్టింది. ఆ తరువాతి యాత్రలో బస్సంతా పట్టుబట్టింది. ఒక శాస్త్రిగారు కూడా ఆ బస్సులో వచ్చి, మెట్ల మీద కూర్చుని కొంతసేపు యోచించి, మనిషి కోసం ఎదురు నడిస్తే దోషం లేదని, అయితే కలుసుకున్న తరువాత వెనుదిరిగి వారితో కలిసి నడవకపోతే మాత్రం దోషమని తేల్చారు. అదే ఇప్పుడు విధిగా నిలిచింది. దీనివల్ల ప్రతి బస్సూ ఆలస్యమవుతున్నది. మేము అడ్డు చెప్పడం మానుకున్నాము.

ఈ పుస్తకం అచ్చుకు ఇచ్చేముందు వరాలమ్మగారి అనుమతి కోసం మండపేటకు ఫోను చేశాము. మాస్టారు ఇప్పుడు చాలా రోజులు ఆవిడను గుర్తుపట్టడం లేదట. అయితే అప్పుడు ఎదురు నడవడం వల్ల మొక్కులన్నీ పోయాయని బాధపడుతున్నారా పిన్నిగారూ అని, అడగకూడనిది అడిగాము.

“పోతే పోయాయి బాబూ,” అన్నది ఆవిడ. “దేశమంతా అన్ని చుట్లు తిరిగానా, వాటిల్లో ఒక్కటన్నా ఆయన్ని నాకు చూపించిందా? చూపించింది ఆ ఎదురు తిరిగిందే.” అంతలోనే, ఉండు, ఆయన ఎవరినో పిలుస్తున్నారు అని ఫోను పెట్టేసింది.

యాత్రికులకు మనవి. గోపురం ఉదయం పూట తీరికగా ఉంటుంది. కొబ్బరికాయలు తేవద్దు. కర్పూరం అసలే వద్దు, కాపలావారు ఊరుకోరు. తాడు దాటవద్దు. ఇక్కడ నడిస్తే మతిమరుపు పోతుందని, పోట్లాటలు సమసిపోతాయని దారిలో ఎవరైనా చెబితే నమ్మవద్దు. మేము అలాంటి ఫలశ్రుతి ఏదీ రాయలేదు. ఎదురు నడిచినవారికి తమ మనిషి తప్పక ఎదురుపడతారు, అంతవరకే ఈ స్థలం పూచీ. ఎదురుపడినవారు గుర్తుపట్టేదాకా పక్కన నడవడం మీ పని.